అరచేయి, కుడి, ఒకటి

కొప్పిశెట్టి నూకరాజు మేస్త్రి కుడి అరచేయి సంస్థ ఆస్తిగా మారిన రోజు మంగళవారం. అంతకు ముందు యాభై ఏడేళ్ళూ అది ఆయన సొంతమే. దాంతో అన్నం తిన్నాడు, తాళి కట్టాడు, ముగ్గురు పిల్లల వీపులు వాయించాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా దిగువ గోపవరం డిపోలో లారీ ఇంజిన్ల ఊపిరి చూశాడు. ఈ చివరి పనే ఆయన కొంప ముంచింది.

ఊపిరి అంటే నిజంగా ఊపిరే. డీజిల్ ఇంజిన్‌లో మండిన పొగంతా పొగగొట్టంలోంచే బయటికి పోదు. కొంచెం పిస్టన్ల పక్క సందుల్లోంచి కిందికి జారి, నూనె ఉండే గదిలోకి చేరుతుంది. అక్కడి నూనె ఆవిరితో కలిసి బయటికి దారి వెతుక్కుంటుంది. ఆ దారి పేరు బ్రీదర్. పాత లారీల్లో అది ఉత్త గొట్టం, రోడ్డు పొడుగునా నల్ల చుక్కలు కార్చుకుంటూ పోయేది. కొత్తవాటిలో ఆ ఆవిరిని ఒక వడపోత డబ్బాలోంచి తిప్పి, నూనెను వెనక్కి దింపి, మిగిలిన గాలిని మళ్ళీ ఇంజిన్ చేతే పీల్పిస్తారు. ఏర్పాటు మంచిదే. కాకపోతే ఆ డబ్బా జిడ్డుతో పూడుకుపోయిందంటే లోపలి ఆవిరి నూనెను వెంటేసుకుని గాలి గొట్టంలోకి తన్నుకొస్తుంది. అప్పుడు ఇంజిన్ తన నూనెను తనే తాగడం మొదలుపెడుతుంది. ఆ రుచి మరిగిందంటే తాళం చెవి తిప్పినా ఆగదు, ఎందుకంటే తాళం ఆపేది డీజిల్‌ని, నూనెను కాదు.

నూకరాజు పద్ధతి ఎవరికీ అర్థం కానిది కాదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత విప్పి, ఆ రంధ్రం మీద అరచేయి మూసిపెట్టి, ఇరవై లెక్కపెడతాడు. గోరువెచ్చగా, చెమ్మగా తగిలి ఊరుకుంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. పది దాటకుండానే చేతిని పైకి తోస్తుంటే డబ్బా పూడుకుపోయినట్టు. ఇరవై అయ్యాక ఆ జిడ్డుచేతిని డ్రైవరు తలుపు మీద, నంబరు కింద, ఒక్కసారి అద్దుతాడు. ఆ గుర్తు ఉంటే బండి కొండెక్కుతుంది. లేకపోతే ఎక్కదు. ఈ సంగతి ఏ నియమావళిలోనూ రాసి లేదు.

రాసి లేకపోయినా డ్రైవర్లు దాన్ని ఎందుకు పాటిస్తారంటే బుల్లియ్య వల్ల. పదకొండేళ్ళ కిందట నూకరాజు మేనకోడలి పెళ్ళికని మూడు రోజులు సెలవు పెట్టాడు. ఆ మూడు రోజుల్లో బుల్లియ్య అనే డ్రైవరు గుర్తు లేని బండిలో బియ్యం వేసుకుని బయల్దేరాడు. ఘాట్ రోడ్డులో మొత్తం ఇరవై రెండు మలుపులు. పద్నాలుగో మలుపులో ఇంజిన్ నూనె తాగింది. తాగినంత తాగి, అరిచినంత అరిచి, బిగుసుకు పట్టేసింది. బండి బుల్లియ్యతో సహా వెనక్కి జారి లోయలో పడింది. కింది మలుపులో ఉన్న జిలానీ అనే డ్రైవరు అదంతా కళ్ళారా చూశాడు. ఆ రోజు నుంచి నూకరాజు ఒక్క పెళ్ళికీ వెళ్ళలేదు.

నూకరాజు చెయ్యి ఆస్తి అయిన ఏడాది, డిపోను నడిపే కొండ ప్రాంత సరుకు రవాణా సంస్థలో 'ప్రమాణీకరణ సంవత్సరం' నడుస్తోంది. గోడల నిండా 'కొలవనిదాన్ని నమ్మవద్దు' అని రాయించారు. అలా రాయించినవారు నాణ్యతా ప్రమాణాల సంచాలకులు డాక్టర్ భువనమోహన్. ఆయన ఆ మంగళవారానికి ముందు శనివారం తనిఖీకి వచ్చి, వరుసగా నిలబెట్టిన లారీల మధ్య నడుస్తూ, నలభై ఏడో నంబరు బండి దగ్గర ఆగారు.

"ఈ చేతిగుర్తు ఏమిటి?"

డిపో మేనేజరు లింగమూర్తి ముందుకొచ్చాడు. "మా మేస్త్రి ఇంజిన్ ఆవిరి చూసినట్టు గుర్తండి."

"ఏ పరికరంతో చూశాడు?"

"చేత్తోనండి."

"ఆ చేతికి క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉందా?"

త్రాసు సరిగ్గా తూస్తోందని పరీక్షించి ఇచ్చే చీటీ లాంటిది ఆ సర్టిఫికెట్. లింగమూర్తి నూకరాజు వంక చూశాడు. నూకరాజు తన చేతి వంక చూసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసినా ఎక్కడా కనబడలేదు.

"చూడండి మేస్త్రీ," అన్నారు భువనమోహన్ చాలా దయగా, "నేను పాత పద్ధతులకు విరోధిని కాను. క్షేత్రస్థాయి సాంప్రదాయిక జ్ఞానాన్ని ప్రమాణీకరణ చట్రంలోకి ఆహ్వానించాలన్నదే నా సంకల్పం."

నూకరాజుకు ఇది మెప్పులా వినిపించింది. "తమరి దయండి," అన్నాడు. ఆ మాట ఆయన లిఖితపూర్వక అంగీకారంగా ఫైలుకెక్కింది.

నాలుగో రోజు, మంగళవారానికల్లా ఉత్తర్వు వచ్చింది. లింగమూర్తి దాన్ని నూకరాజుకు చదివి వినిపించాడు.

"విషయము: అరచేతులు – కొలత పరికరములుగా క్రమబద్ధీకరించుట గురించి. సూచిక: సదరు అరచేయి. దిగువ గోపవరం డిపోనందు ఇంజిను ఆవిరి పీడనము కనుగొనుటకు వినియోగింపబడుచున్న కుడి అరచేతిని పరికరముల రిజిష్టరునందు క్రమసంఖ్య నూట పద్నాలుగుగా నమోదు చేయవలెననియు, సదరు పరికరమును సొంత అవసరములకు వాడరాదనియు ఇందుమూలముగా ఆదేశించడమైనది."

పరికరాల రిజిష్టరు అంటే సామాన్యమైన పుస్తకం కాదు. మందపాటి అట్టలు, వాటి మీద ఎర్ర గుడ్డ, మోయాలంటే రెండు చేతులూ కావాలి. అందులో నూట పదమూడు స్క్రూజాకీ. దాని కింద లింగమూర్తి గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'అరచేయి, కుడి, ఒకటి.' పరిస్థితి అన్నచోట కాసేపు ఆలోచించి 'వాడినది' అని రాశాడు.

"సొంత అవసరాలంటే ఏటండీ?" అన్నాడు నూకరాజు.

"అంటే నీ పనులకి వాడకూడదు."

"అన్నం తినడం?"

లింగమూర్తి ఉత్తర్వును మళ్ళీ చదివాడు. "నీకు ఆకలేస్తుందా, సంస్థకి ఆకలేస్తుందా?"

"నాకేనండి."

"అయితే సొంతమే," అన్నాడు లింగమూర్తి బాధగా. ఆయన చెడ్డవాడు కాడు. పైనుంచి వచ్చిన కాగితాన్ని చూస్తే చాలు, ఆయన బుర్ర దానంతటదే ఆగిపోతుంది.

ఇంటి దగ్గర నూకరాజు ఎడమచేత్తో గరిట పట్టుకుని పప్పన్నం తింటుంటే భార్య వెంకాయమ్మ చాలాసేపు చూసింది. "ఇవాళ చెయ్యి రాయించుకున్నారు, రేపు మీ బుర్ర రాయించుకుంటారేటండీ?" అంది. మళ్ళీ తనే జవాబు చెప్పింది: "ఆ బెంగ అక్కర్లేదులెండి. బుర్రలు వాళ్ళ రిజిష్టర్లో ఎక్కడున్నాయి గనక!"

క్యాలిబ్రేషన్ కోసం పరికరాన్ని నగరంలోని కొలతల ప్రయోగశాలకు పంపాలి. పంపారు. అక్కడ కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా తలెత్తకుండా కాగితాలు తీసుకున్నాడు.

"పరికరం ఇక్కడ పెట్టండి."

నూకరాజు చెయ్యి బల్ల మీద పెట్టాడు.

"సరే, వెళ్ళండి. శుక్రవారం వచ్చి తీసుకోండి."

"ఎలా వెళ్ళమంటారండీ?"

"తలుపు అటుంది."

"తలుపు కనబడతానే ఉందండి. చెయ్యొదిలి ఎలా వెళ్ళమంటారని."

గుమాస్తా అప్పుడు తలెత్తాడు. చేతిని చూశాడు, దాని వెంట పైకి వెళ్ళి భుజాన్ని చూశాడు, చివరికి ముఖం కనిపెట్టాడు. పరికరాన్ని తెచ్చినవాళ్ళు లోపల ఉండకూడదన్నది నియమం. పరికరాన్ని మూడు రోజులు లోపలే ఉంచాలన్నది ఇంకో నియమం. రెండూ కలిసి గంటన్నర సేపు నూకరాజును గుమ్మంలో నిలబెట్టాయి. ఆఖరికి ఎవరో పెద్ద అధికారి మూడో నియమం వెతికి పట్టుకున్నారు. తొడుగు నుంచి విడదీయడానికి వీల్లేని పరికరాన్ని తొడుగుతో సహా స్వీకరించవచ్చు. అందుమీదట రశీదు రాశారు. పరికరం: అరచేయి. తొడుగు: మనిషి, ఒకటి.

ఆ మూడు రోజులూ నూకరాజు నగల త్రాసుకూ, పాల డెయిరీ థర్మామీటరుకూ మధ్యన కూర్చున్నాడు. చేతి మీద తూకపు గుండ్లు పెట్టి "ఎంత?" అని అడిగారు. "బరువుగానే ఉందండి," అన్నాడు. వేడినీళ్ళ గిన్నె ఆనించి "ఎంత?" అన్నారు. "కాలుతోందండి," అన్నాడు. ప్రతి జవాబునీ రాసుకుని, దశాంశ స్థానాల్లోకి మార్చి, శుక్రవారం సాయంత్రం సర్టిఫికెట్ ఇచ్చారు. చేయి ఏడాదిపాటు చెల్లుతుంది. కింద చిన్న అక్షరాల్లో షరతు ఉంది: పరికరం కచ్చితత్వం చెడకుండా ఉండాలంటే దానికి నూనె, వేడి, ఆవిరి తగలరాదు.

లింగమూర్తి ఆ షరతు నాలుగుసార్లు చదివాడు. "అయితే మేస్త్రీ, దీన్ని ఇంజిన్ మీద పెట్టకూడదన్నమాట."

"మరి దేని మీద పెట్టమంటారండీ?"

ఆ ప్రశ్నే మర్యాదగా తిరగరాసి పై ఆఫీసుకు పంపారు. భువనమోహన్ దాన్ని చూసి చాలా సంతోషించారట. దీన్నిబట్టి సదరు అరచేయి వాడుక పరికరం కాదనీ, మూల ప్రమాణమనీ తేలిందని ఆయన జవాబు రాశారు. మూల ప్రమాణాన్ని భద్రంగా దాచాలి తప్ప వాడకూడదు. రోజువారీ పనికి దాని నకళ్ళు వాడాలి. కాబట్టి నూకరాజు అరచేతి అచ్చు తీసుకుని, అయిదు వేళ్ళూ, గీతలూ అన్నీ ఉన్న రబ్బరు స్టాంపు చేయించి డిపోకు పంపుతున్నామన్నారు.

స్టాంపు వచ్చింది. చెక్క పిడితో చూడముచ్చటగా ఉంది. రోజూ పొద్దున్న తొమ్మిదింటికి లింగమూర్తే స్వయంగా నీలం సిరాలో దాన్ని ముంచి, వరసగా ప్రతి లారీ తలుపు మీదా వేయడం మొదలుపెట్టాడు. నూకరాజు రోజుకు పద్నాలుగు బండ్లు చూస్తే గొప్ప. స్టాంపు పావుగంటలో అరవై బండ్లు చూసింది. అందులోనూ ఒక్కటి కూడా పరీక్ష తప్పలేదు. నెల తిరిగేసరికి ఆవిరి విషయంలో రాష్ట్రంలోకెల్లా ఆరోగ్యవంతమైన డిపోగా దిగువ గోపవరానికి పేరొచ్చింది.

ఇక మూల ప్రమాణం సంగతి. దానికి టూల్ రూములో ఇనప జాలీ వెనక ఒక బల్ల వేశారు. బల్ల మీద పచ్చ గుడ్డ పరిచి, చిన్న దిండు పెట్టారు. నూకరాజు పొద్దున ఎనిమిదింటికి వచ్చి, లింగమూర్తి జాలీకి తాళం వేశాక, ఆ దిండు మీద చెయ్యి పెట్టి కూర్చుంటాడు. అయిదింటికి తీసుకుని ఇంటికి పోతాడు. పక్కన ఒక ఫ్యాను, ఒక తడి కొలిచే గడియారం. మొదటి వారం ఆయనకు సిగ్గేసింది. రెండో వారం కోపం వచ్చింది. ఆ తర్వాత భయం పట్టుకుంది, ఎందుకంటే జాలీలోంచి రోజూ బండ్లు వెళ్ళడం వినబడుతోంది, అందులో నలభై ఏడు గొంతు మారుతోంది.

ఒకనాడు జిలానీ జాలీ దగ్గరికొచ్చాడు. నలభై ఏడు అతనిదే.

"మేస్త్రీగారూ, బండి బాగోలేదండి. ఆయిల్ మూత విప్పి బోర్లా పెడితే కప్పలా ఎగిరిపోతందండి. నూనె చూసే డిప్‌స్టిక్కు దానంతటదే పైకి లేచొస్తంది. ఒక్కసారి చెయ్యి పెట్టండి."

నూకరాజు చెయ్యి దిండు మీద ఉండగానే వేళ్ళు కదిలాయి. "తాళం లింగమూర్తిగారి దగ్గరుందయ్యా. నువ్వు బండి తియ్యకు."

"స్టాంపు పడిపోయిందండి. స్టాంపు పడ్డాక తియ్యనంటే మెమో ఇత్తారంట." జిలానీ గొంతు తగ్గించాడు. "అది చెయ్యి కాదు మేస్త్రీగారూ. చెయ్యి బొమ్మ. దాన్ని చూత్తా పద్నాలుగో మలుపు ఎక్కాలంటే నా వల్ల కాదు. బుల్లియ్య బాబాయ్ కళ్ళ ముందు ఆడతాడు."

అయిదింటికి తాళం తీయగానే నూకరాజు నేరుగా మేనేజరు గదికి వెళ్ళాడు.

"నలభై ఏడుకి వడపోత డబ్బా పూడుకుపోయిందండి. పది నిమిషాల పని, మార్పించెయ్యండి."

"నీ చెయ్యి చెప్పిందా?"

"చెయ్యి పెట్టనిత్తేగదండీ చెప్పడానికి!"

"మరి ఎవరు చెప్పారు?"

"చెవి చెప్పిందండి. ముక్కు చెప్పింది. ఆ వాసన నాకు తెలీదేటండీ?"

లింగమూర్తి రిజిష్టరు తెరిచి, వేలితో పై నుంచి కింది దాకా చూశాడు. "చెవి లేదు. ముక్కు లేదు."

ఇంకో మాటంటే ముక్కును కూడా రాసేసుకుంటారని, రేపటి నుంచి నోటితో గాలి పీల్చుకోవాల్సి వస్తుందని నూకరాజుకు అనిపించింది.

"నాకు మాత్రం తెలీదనుకున్నావా మేస్త్రీ?" అన్నాడు లింగమూర్తి తల దించుకుని. "స్టాంపు వేసిన బండికి డబ్బా మార్పిస్తే, స్టాంపు తప్పని నేనే రాసిచ్చినట్టు. రేపే డైరెక్టరు భువనమోహన్‌గారు వస్తున్నారు. మన డిపోకి ప్రమాణ పతాకం ఇస్తారు. ఆ ఒక్కరోజు గడవనీ."

"ఎల్లుండి మార్పిత్తారా?"

"ఎల్లుండి చూద్దాం."

మర్నాడు డిపో ఆవరణలో షామియానా వేశారు. నాలుగు వందల మంది ఉద్యోగులు, వాళ్ళ కుటుంబాలు, పక్కూరి హైస్కూలు పిల్లలు. జెండా ఊపి సాగనంపడానికి ఒక లారీ కావాలి. స్టాంపు ఏ బండి మీద అన్నిటికంటే స్పష్టంగా పడిందో చూశారు. నలభై ఏడు మీద. దానికి మామిడాకులు కట్టి, బియ్యం బస్తాలు ఎక్కించి, షామియానాకు ఎదురుగా, జనం వైపు ముఖం పెట్టి నిలబెట్టారు. స్టార్టు చేసి ఉంచమన్నారు. ఫొటోల్లో బండి జీవంతో కనబడాలి.

వేదిక మీద భువనమోహన్ పక్కన నూకరాజును కూర్చోబెట్టారు. ముందున్న బల్ల మీద దిండు, దిండు మీద చెయ్యి, మణికట్టుకు బంతిపూల దండ. చేతికి అటు పక్క పరికరాల రిజిష్టరు, ఇటు పక్క స్టాంపు. భువనమోహన్ మైకు అందుకున్నారు.

"ఒకప్పుడు ఈ డిపోలో ఒక మనిషి ఉంటేనే బండి కదిలేది. ఆ మనిషికి జ్వరం వస్తే వ్యవస్థకు జ్వరం వచ్చేది. నేడు మనం ఆ జ్ఞానాన్ని మనిషి నుంచి విముక్తం చేశాం!"

చప్పట్లు కొట్టారు. నూకరాజు వినడం లేదు. ఆయన నలభై ఏడు వింటున్నాడు. ప్రసంగం ఇరవయ్యో నిమిషంలో ఇంజిన్ ఒకసారి గొంతు సవరించుకుంది. ముప్పయ్యో నిమిషంలో చిన్నగా పాట ఎత్తుకుంది. అద్దంలోంచి జిలానీ ముఖం కనబడుతోంది. అతను కూడా విన్నాడు. తాళం తిప్పేశాడు.

ఇంజిన్ ఆగలేదు.

పాట కేకైంది. పొగగొట్టంలోంచి నీలం పొగ బుసకొట్టింది. ఎవరూ యాక్సిలరేటరు తొక్కకుండానే ఇంజిన్ దానంతటది వేగం పెంచుకుంటూ పోతోంది, మామిడాకులు ఊడి ఎగురుతున్నాయి. జిలానీ తాళం చెవి చేత్తో పట్టుకుని కిటికీలోంచి అందరికీ చూపిస్తున్నాడు. దిగి పారిపోవచ్చు. దిగలేదు. ఊగిపోతున్న బండి ఏ కుదుపుకు కదిలినా ఎదురుగా ఉన్నది పిల్లలే. రెండు కాళ్ళతో బ్రేకు తొక్కిపెట్టి కూర్చున్నాడు.

"డ్రైవర్!" అన్నారు భువనమోహన్ మైకులో. "ఇంజిన్‌ను తక్షణమే ఆపవలసిందిగా ఆదేశిస్తున్నాను!"

ఇంజిన్‌కు ఆ ఉత్తర్వు అందలేదు.

"స్టాంపు ఉంది కదండీ!" అని లింగమూర్తి అరుస్తున్నాడు, ఎవరితోనో తెలీదు. "స్టాంపు వేశానండీ! నేనే వేశాను!"

ఇలా నూనె తాగుతున్న ఇంజిన్‌కు ఒకటే మందు, గాలి ఆపడం. అది పీల్చే గొట్టం నోరు క్యాబిన్ వెనకాల పైన ఉంటుంది. దాన్ని చేత్తో మూస్తే చెయ్యి లోపలికి పోతుంది. గుడ్డ పెడితే గుడ్డను మింగుతుంది. వెడల్పుగా, మందంగా, బరువుగా ఉన్న పలక కావాలి. నూకరాజు బల్ల మీదికి చూశాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి పరికరాల రిజిష్టరును ఆయన ప్రేమగా చూశాడు.

దాన్ని చంకన పెట్టుకుని వేదిక దూకాడు. "పరికరం! పరికరం వెళ్ళిపోతోంది!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. క్యాబిన్ వెనక పైకెక్కడానికి పట్టు ఒక్కటే ఉంది, అది పొగగొట్టం. కాలుతుందని ఆయనకు తెలుసు. తెలిసే పట్టుకున్నాడు. బంతిపూల దండ మాడింది, కింద చర్మం కూడా మాడింది. ఆయన బుల్లియ్యను తలుచుకుని ఇంకా గట్టిగా పట్టుకుని పైకి లేచి, రెండు చేతులా రిజిష్టరును ఆ గొట్టం నోటి మీద కొట్టి నొక్కాడు. గొట్టం దాన్ని లాక్కుంది. ఎర్ర గుడ్డ అట్ట గిన్నెలా లోపలికి వంగింది. ఇంజిన్ రెండుసార్లు దగ్గి, ఒక్కసారి వణికి, ఆగిపోయింది.

జిలానీ స్టీరింగు మీద తల పెట్టి ఏడవడం ఆవరణంతా వినబడింది.

పొగలోంచి భువనమోహన్ దగ్గుకుంటూ వచ్చారు. పైకి చూశారు. "రిజిష్టరుకు ఏమైనా అయిందా?" అని అడిగారు.

మూడో రోజున నూకరాజుకు మెమో వచ్చింది. క్రమసంఖ్య నూట పద్నాలుగు గల మూల ప్రమాణమును అనుమతి లేకుండా దిండు మీద నుంచి తొలగించుట. సదరు పరికరమునకు నూనె, వేడి, ఆవిరి మూడూ ఏకకాలమున తగిలించుట. కార్యాలయ రిజిష్టరు నందలి పన్నెండు పుటలను ఇంజినుచే పీల్పించుట. ఈ మూడింటికీ సంజాయిషీ ఇవ్వాలి. నూకరాజు కట్టు కట్టిన చేత్తో రాయలేక ఎడమచేత్తో రాశాడు: 'అయ్యా, బండి ఆగింది.'

అది సంజాయిషీగా సరిపోలేదు. త్రిసభ్య సంఘం వచ్చి చేతి కట్టు విప్పి చూసి, గీతలు మాడిపోయినందున పరికరం పనికిరానిదిగా తీర్మానించింది. పనికిరాని పరికరాలను పాత ఇనుము యార్డుకు తరలించాలన్నది నియమం. తొడుగు నుంచి విడదీయడానికి వీల్లేదు కాబట్టి తొడుగుతో సహా తరలించారు. నలభై ఏడు విషయంలో సంఘం ఏమీ తప్పు పట్టలేదు. స్టాంపు సక్రమంగానే ఉంది. ఇంజిన్ ప్రవర్తన మాత్రం ప్రమాణాలకు విరుద్ధంగా ఉందని రాసి వెళ్ళింది. ఆ మధ్యాహ్నమే జిలానీ పది నిమిషాలు కూర్చుని దాని వడపోత డబ్బా మార్చేశాడు.

పాత ఇనుము యార్డు డిపోకు వెనకాల, వెనక గేటు పక్కనే ఉంది. విరిగిన స్ప్రింగు పట్టీలు, చిల్లుల రేడియేటర్లు, ఒక తుమ్మచెట్టు, దాని కింద నూకరాజు. అక్కడ చేయవలసిన పని ఏమీ లేదు. పనికిరానివాటికి నియమాలు కూడా లేవు. మొదటి రోజు ఆయన కుడిచేత్తో హాయిగా పులిహోర తిన్నాడు.

వారం తిరక్కుండానే ఒక పొద్దున్న నలభై ఏడు ముందు గేటుకు పోవడం మానేసి వెనక గేటు వైపు వచ్చింది. జిలానీ దిగి, ఏమీ మాట్లాడకుండా బండి ముందు జాలీ తెరిచి ఆయిల్ మూత విప్పాడు. నూకరాజు చెయ్యి పెట్టాడు. కొత్త చర్మం పల్చగా ఉంది, ఇదివరకటి కంటే బాగా తెలుస్తోంది. ఇరవై దాకా లెక్కపెట్టాడు.

"పోవచ్చు," అన్నాడు. చెయ్యి అద్దబోయి ఆగాడు. తలుపు మీద అప్పటికే నీలం చెయ్యి ఉంది.

జిలానీ తలుపు తెరిచి పట్టుకున్నాడు. "లోపలేపు ఎయ్యండి మేస్త్రీగారూ. బయటిది ఆళ్ళకి. లోపల్ది నాకు."

నెల తిరిగేసరికి అరవై బండ్లూ వెనక గేటు నుంచే పోతున్నాయి. తొమ్మిదింటికి స్టాంపు వేయించుకుని, దారిలో పాత ఇనుము యార్డు దగ్గర 'రేడియేటరుకు నీళ్ళు' పోసుకుని వెళ్తాయి. నీళ్ళకు అంతసేపు ఎందుకని లింగమూర్తి ఒక్కసారి కూడా అడగలేదు. ఆ వేళకు ఆయనకు కిటికీ మూసుకునే అలవాటైంది. చూపించుకోవాల్సినవాళ్ళు ఎక్కువై నూకరాజు తెల్లారకముందే వచ్చి కొన్ని బండ్లను స్టాంపుకు ముందే చూడటం మొదలుపెట్టాడు. ఆయనకు మాత్రం ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనంత హాయిగా ఉంది.

ఆరు నెలల తర్వాత లింగమూర్తి పాత ఇనుము యార్డుకు మొదటిసారి స్వయంగా వచ్చాడు. చేతిలో కాగితం, ముఖంలో వెలుగు. అప్పుడు నూకరాజు చెయ్యి నలభై ఏడు మీద ఉంది.

"మేస్త్రీ, శుభవార్త! స్టాంపు వచ్చాక ఘాట్‌లో ఒక్క బండి కూడా ఆగలేదని పై ఆఫీసు తేల్చింది. డైరెక్టరుగారికి బహుమానం వచ్చింది. రాష్ట్రంలో నలభై డిపోలకీ స్టాంపులు పంపుతున్నారు. నలభై డిపోల్లోనూ నీ చెయ్యేనయ్యా!"

నూకరాజు లెక్క ఏడు దగ్గర ఉంది. "ఆళ్ళందరికీ ఘాట్‌రోడ్లు ఉన్నాయాండీ?"

"కొండ ప్రాంతం కదా, అందరికీ ఉంటాయి."

"ఇలాంటి యార్డులు?"

"ప్రతి డిపోకీ ఒకటుంటుంది."

"అందులో మనుషులు ఉన్నారాండీ?"

లింగమూర్తి కాగితం వంక చూశాడు. దాన్ని తిప్పి వెనక వైపు కూడా చూశాడు. కిటికీ మూయాల్సిన వేళైనట్టుగా వెళ్ళిపోయాడు.

జిలానీ స్టీరింగు దగ్గర కూర్చుని ఎదురుచూస్తున్నాడు. నూకరాజుకు చేతి కింద వెచ్చగా, చెమ్మగా, మెత్తగా తగులుతోంది. బండి బాగానే ఉంది. ఆయనకు మాత్రం తానెన్నడూ చూడని ముప్పై తొమ్మిది డిపోలూ, వాటి తలుపుల మీద తన అయిదు వేళ్ళూ కనబడ్డాయి. ఆ తలుపుల వెనక కూర్చుని ఆ చేతిని నమ్మి మలుపులెక్కుతున్న డ్రైవర్ల పేర్లు తనకు తెలియవు. లెక్క తప్పింది.

"ఏటండీ, పోవచ్చా?" అన్నాడు జిలానీ.

"ఉండు," అని, నూకరాజు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.